ఏరిన బఠానీలు

ఆ ఉదయం జీవశాస్త్రం మాస్టారి పథకం చాలా చిన్నది. ఎండు బఠానీల డబ్బా పట్టుకుని కాలేజీకి వెళ్లాలి. ఇన్‌స్పెక్టరు ముందు గింజలు లెక్కపెట్టించాలి. మూడేళ్లుగా ఇవాళో రేపో అన్నట్టున్న ఉద్యోగాన్ని ఖాయం చేయించుకోవాలి. ఈసారి కాకపోతే ఇంటిదారే.

గుండ్రటి పసుపు బఠానీతో ముడతల ఆకుపచ్చ బఠానీని సంకరం చేసి, ఆయన రెండు తరాలు పెంచారు. మొదటి తరమంతా గుండ్రంగా, పసుపుగా పుట్టింది. డబ్బాలోవి మనవలు. కాయలు ఒలిచే పని మాత్రం ముందురోజు అత్తగారు మీదేసుకున్నారు.

"రంగు దారి రంగుది, ఆకారం దారి ఆకారానిది," అంటూ మాస్టారు బోర్డు మీద రాశారు. "పదహారింటిలో తొమ్మిది గుండ్రటి పసుపు, మూడు గుండ్రటి ఆకుపచ్చ, మూడు ముడతల పసుపు, ఒకే ఒక్కటి ముడతల ఆకుపచ్చ. డబ్బా మూతైనా తియ్యకుండా చెప్తున్నాను సార్!"

విద్యార్థులు లెక్కపెట్టారు. గుండ్రటి పసుపు తొంభై ఒకటి, గుండ్రటి ఆకుపచ్చ ఇరవై తొమ్మిది. ముడతలవి ఒక్కటీ లేవు. డబ్బా బోర్లించి తట్టినా రాలలేదు.

మాస్టారికి ముచ్చెమటలు పోశాయి. "అదే సార్ అసలు విశేషం!" అని నోరు జారాక, ఆ విశేషమేమిటో వెతుక్కోవాల్సి వచ్చింది. "ముడతల గింజ కాయలోనే చచ్చిపోతుందన్నమాట," అంటూ బోర్డు గబగబా తుడిచేశారు.

"పుస్తకాల్లో ఇలా లేదే?" అన్నారు ఇన్‌స్పెక్టరు.

"ఇకమీద ఉంటుంది సార్!" అన్నారు ప్రిన్సిపాలు. ఆయన చదివింది చరిత్ర. వెంటనే పత్రికకు ఫోన్ చేశారు. ఇన్‌స్పెక్టరు మూడు పేజీలు రాసుకున్నారు. విద్యార్థులు చప్పట్లు కొట్టారు. విలేకరి బయల్దేరాడని కబురొచ్చింది. మాస్టారికి భయం కంటే సిగ్గు ఎక్కువగా ఉంది గానీ, చెప్పిన అబద్ధాన్ని ఎక్కడ ఆపాలో తెలియలేదు.

అప్పుడు గుమ్మంలో అత్తగారు కనిపించారు.

"బాబూ, కారియరు మర్చిపోయి వచ్చేశారు," అని బల్ల మీద పెట్టి, పక్కనే ఒక పొట్లం ఉంచారు. "మీకు విత్తనాలు అంటగట్టినవాడెవడో గానీ నిలువునా ముంచాడు. నాలుగో వంతు తాలే! ఏరేసరికి నా కళ్లు లాగేశాయి. ఇవి తీసుకెళ్లి వాడి మొహాన కొట్టండి," అని వచ్చినంత వేగంగానూ వెళ్లిపోయారు.

ఎవరూ చెప్పకుండానే విద్యార్థులు పొట్లం విప్పి లెక్కపెట్టారు. ముడతల పసుపు ముప్పై ఒకటి, ముడతల ఆకుపచ్చ పది. ప్రిన్సిపాలు విలేకరిని ఆపడానికి గేటు వైపు పరుగెత్తారు.

ఇన్‌స్పెక్టరు కళ్లజోడు తీసి మాస్టారిని ఎగాదిగా చూశారు. "మీరు ముందు చెప్పినట్టే వచ్చాయి కదయ్యా! లేనిపోని సిద్ధాంతం కనిపెట్టే బదులు, ఒలిచినావిడని ఒక్క మాట అడగొచ్చుగా?"

మాస్టారు వరండాలోకి తొంగిచూసి, అత్తగారు గేటు దాటారని రూఢి చేసుకుని, గొంతు తగ్గించారు. "అత్తగారిని అనుమానించడం కంటే శాస్త్రాన్ని అనుమానించడం తేలిక సార్."

ఇన్‌స్పెక్టరు మూడు పేజీలూ చింపేసి, ఉద్యోగం ఖాయం చేస్తూ అక్కడికక్కడే సంతకం పెట్టారు.

ఆయనకూ అత్తగారున్నారు.