దక్షిణ ధ్రువానికి రెండు ఫర్లాంగులు

గేటు పాసు వల్ల మానవజాతికి కలిగే మేలును ఇంకా ఎవరూ సరిగ్గా గుర్తించలేదు! పాసు లేనిదే బండి కదలదు. బండి కదలకపోతే పెట్రోలు మిగులుతుంది, టైర్లు అరగవు, డ్రైవరుకు నడుము నొప్పి రాదు. ఇక ఆ బండి కోసం ఎదురుచూసే రోగికి దొరికే విశ్రాంతి సంగతి వేరే చెప్పాలా?

ఈ సత్యం గోదావరిఖనిలో అందరికంటే బాగా తెలిసినవాడు వామనరావు. మంథని నుంచి వచ్చి, తూర్పు బాయి అని పిలిచే బొగ్గు గనిలో గుమాస్తాగా కుదిరి అప్పటికి పదేళ్లు. అంబులెన్స్ తాళంచెవి, రిజిస్టరు ఆయన చేతిలోనే ఉండేవి. ఆ పదేళ్లలో ఆ బండి పాసు లేకుండా గేటు దాటిన పాపాన పోలేదు. మూడు ప్రతులు, ఇద్దరు మేనేజర్ల సంతకాలు ఉండాల్సిందే! రెండు ఫర్లాంగుల దూరంలో పడమటి బాయి. దాని అంబులెన్స్ ఆర్నెల్లుగా రిపేరులో ఉంది.

వామనరావుకు పాసు తర్వాత అంతటి అభిమాన విషయం దక్షిణ ధ్రువం. పగటి విరామంలో, రెండు గనుల నడుమ ఉన్న సారవ్వ చాయ్ హోటల్లో కూర్చుని పేపరు పైకి చదివి వివరించేవాడు.

“దక్షిణ ధ్రువం ఒప్పందం మీద పన్నెండు దేశాలు సంతకం పెట్టినయి! అమెరికా, రష్యా బయట ఒకరి ముఖం ఒకరు చూసుకోరు. గా మంచుల మాత్రం ఒకరి మనిషి జబ్బుపడితే ఇంకొకరు విమానం పంపుతరు. తుఫాను వస్తదని రేడియోల ముందే చెప్పుకుంటరు. డీజిలు అయిపోతే అడిగి తీసుకుంటరు. పాసు ఏదని అడిగేటోడు లేడు. నాగరికత అంటే గదీ!”

“గక్కడ ఎవరుంటరు పంతులూ?” అంది సారవ్వ.

“ఊర్లు లేవు, జనం లేరు. పరిశోధన చేసేటోళ్లు కొందరు, పెంగ్విన్ పక్షులు.”

“జనం లేని కాడ అందరు మంచిగనే ఉంటరు,” అని ఆమె గ్లాసులు కడగడంలో పడింది.

పడమటి బాయి రెస్క్యూ టీములో పనిచేసే కొమురెల్లి మాత్రం చాయ్ చల్లారిపోయేదాకా నోరు తెరుచుకుని వినేవాడు.

1972 వేసవి. మొదటి షిఫ్టు ముగిసే వేళ పడమటి బాయిలో పైకప్పు విరిగి పోశం అనే కార్మికుడి కాలు మీద పడింది. కొమురెల్లి, అతని తోటివాళ్లు పోశాన్ని స్ట్రెచర్ మీద పైకి తెచ్చారు. తేగానే కొమురెల్లి తూర్పు గేటుకు ఉరికాడు.

“పంతులూ, జల్ది బండియ్యి! పోశం కాలు నుజ్జయింది. నెత్తురు ఆగుతలేదు.”

“మీ మేనేజర్ సంతకం ఏది?”

“మీటింగుకు హైదరాబాదు పోయిండు.”

“మా మేనేజర్ కూడ గా మీటింగుకే పోయిండు,” అన్నాడు వామనరావు. ఆ మీటింగు గనుల్లో భద్రత గురించి!

అలవాటు కొద్దీ ఆయన ఖాళీ పాసు ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. పాసు ఎంత గొప్పదో చూడండి! బండి నంబరుకు గడి ఉంది. వెళ్లే చోటుకు గడి ఉంది. కారణానికీ ఉంది. కారుతున్న నెత్తురుకు మాత్రం గడి లేదు.

కొమురెల్లి ఆ కాగితం వంక ఒక్క క్షణం చూశాడు. “అయితే మా బాయిని దక్షిణ ధ్రువం అని రాసుకో,” అన్నాడు.

“ఏందీ?”

“గక్కడ పాసు అడగరని నువ్వే చెప్తివి గద! నేను రష్యా, నువ్వు అమెరికా. పోశం మంచుల పడ్డడు. బండియ్యి పంతులూ!”

“పరాచికమా?” అని కసిరి తలెత్తాడు వామనరావు. ఎదుటివాడి ముఖంలో నవ్వు లేదు. బొగ్గు మసి మీద కళ్ల నుంచి గడ్డం దాకా రెండు చారలున్నాయి.

వామనరావుకు నౌకరీ గుర్తొచ్చింది. ఆ నౌకరీ మీద బతికే ఐదుగురు గుర్తొచ్చారు. అయినా పాసును దగ్గరికి లాక్కుని, వెళ్లే చోటు గడిలో ‘దక్షిణ ధ్రువం’ అని గుండ్రటి అక్షరాలతో రాశాడు. పాసు మీద సంతకం ఏదని డ్రైవరు అడ్డం తిరిగాడు.

“నేనే సంతకం. నడువు!” అని వామనరావు ముందు సీట్లోకి ఎక్కి కూర్చున్నాడు.

దవాఖానలో డాక్టరు పోశం కాలు నిలబెట్టాడు. ఇంకో అరగంట ఆలస్యమైతే కాలేమిటి, మనిషే దక్కేవాడు కాదన్నాడు.

వారం తిరక్కుండా వామనరావుకు మెమో వచ్చింది. ముగ్గురు అధికారులు విచారణకు కూర్చున్నారు. అబ్బ, ఏం ప్రశ్నలు! దక్షిణ ధ్రువం మన ఏరియా పరిధిలోకి వస్తుందా? రాకపోతే బండిని ఎందుకు పంపినట్టు? అంత దూరం పోయిన బండి సాయంత్రానికే ఎలా తిరిగొచ్చింది? వచ్చిందే అనుకుందాం, టైర్లకు మంచు అంటలేదేం? పోశం బతికాడా అని మాత్రం ఎవరూ అడగలేదు. అది మెమోలో లేని విషయం మరి!

చివరికి పెద్ద అధికారి కళ్లజోడు తీసి, “మళ్లీ ఇట్లాంటి పని చేస్తారా?” అన్నాడు.

‘చెయ్యను సార్’ అనడానికే వామనరావు తయారై వచ్చాడు. ఇంటి నుంచి దారి పొడుగునా అదే వల్లించుకున్నాడు. తీరా నోరు తెరిస్తే ఇంకోటి వచ్చింది.

“తాళంచెవి మీ దగ్గరనే పెట్టుకోండ్రి సార్. రేపు ఎవనికన్న దెబ్బ తగిలితే కొమురెల్లిని సీదా మీ దగ్గరికే పంపుత. బండి ఇయ్యాల్నా వద్దా, మీరే చెప్పుండ్రి.”

తాళంచెవి జేబులోంచి తీసి బల్ల మీద పెట్టాడు.

ముగ్గురూ దాన్ని చూశారు. ఒకాయన ఫైలు సర్దుకున్నాడు. ఇంకొకాయన మంచినీళ్లు తాగాడు. పెద్ద అధికారి ఫుట్‌రూలు అందుకుని, చెయ్యి తగలకుండా తాళంచెవిని మెల్లగా వామనరావు వైపుకే నెట్టాడు.