సిద్రా పేరు మీద సాఫ్ట్‌వేర్

ఆ రోజు సఫియా పెట్టుకున్న పని చిన్నదే. పొద్దున పాత బస్టాండు పక్కనున్న లక్ష్మణ్ కంప్యూటర్ షాపులో ఆఫీసు సాఫ్ట్‌వేర్ సీడీ ఒకటి కొనాలి, అట్నుంచి అటే కూతురు సిద్రాను బడిలో దింపాలి, పొయ్యి మీద పప్పు పెట్టే వేళకు ఇల్లు చేరాలి. బడులు తెరిచి వారమైంది. గద్వాలలో ఏ సందులో చూసినా కొత్త యూనిఫారాలే.

సాఫ్ట్‌వేర్ కొనాలని సఫియాకు సరదా ఏమీ లేదు. పదో తరగతితో చదువు ఆగింది, పెళ్లయింది, పాప పుట్టింది. ఆ పాప బడికి పోయే ఏడాదే తనూ ఓపెన్ ఇంటర్‌లో పేరు రాయించుకుంది. పంచర్ షాపు నడిపే భర్త కరీం హైదరాబాదు నుంచి ఒక పాత కంప్యూటర్ తెచ్చిచ్చాడు. దాని మీద టైపు నేర్చుకుని, కోర్టు ముందున్న జిరాక్స్ షాపు నుంచి అర్జీలు తెచ్చి ఇంట్లోనే కొట్టి ఇస్తోంది. అయితే ఆ కంప్యూటర్లో ఉన్నది ఎవరో కాపీ కొట్టి ఇచ్చిన సీడీ. దాంతో పాటు వచ్చిన వైరస్ మొన్న ఒక వకీలు గారి దావా మొత్తాన్ని మింగేసింది. "ఇంకోపారి గిట్లయితే నీకు పని ఇయ్యనమ్మా. జర ఒరిజినల్ ఏసుకో," అని జిరాక్స్ షాపాయన చెప్పేశాడు.

లక్ష్మణ్ చెప్పిన ధర విని సఫియా చేతిలోని సీడీని గాజు గిన్నెను దించినట్టు మెల్లగా బల్ల మీద దించింది.

"గింత పలచగున్నదానికి గంత ధరనా అన్నా?"

"పలచదనం చూడొద్దమ్మా, లోపట సరుకు చూడాలె."

"తక్కువల ఏం లేదా?"

"ఫ్రీది గూడ ఉంది. నెట్ల నుంచి దించుకోవాలె. మన గద్వాల నెట్టుకు అది దిగేసరికి నీ బిడ్డ పదో తరగతికొస్తది." లక్ష్మణ్ కాసేపు ఆలోచించాడు. "స్టూడెంట్ స్కీము ఒకటుంది. పావు ధరకే ఇస్తరు. మీ ఇంట్ల ఎవరన్న స్టూడెంటున్నరా?"

"నేనే స్టూడెంట్‌ను," అని సఫియా సంచిలో నుంచి ఓపెన్ ఇంటర్ రసీదు తీసింది.

లక్ష్మణ్ రసీదును చూశాడు, ఆమెను చూశాడు, ఆమె చెయ్యి పట్టుకుని నిలబడ్డ పిల్లను చూశాడు, మళ్లీ రసీదును చూశాడు. "ఓపెన్ నడువదమ్మా. మెడల ఐడీ కార్డుండాలె, దాని మీద ఫోటో ఉండాలె, బడి ముద్ర ఉండాలె. కంపెనీ రూలు."

సఫియా రసీదును మడిచి సంచిలో పెట్టుకుంది. అప్పుడు లక్ష్మణ్ చూపు సిద్రా మెడ మీద పడింది. ఆ అమ్మాయి తన ఐడీ కార్డు మూలను నోట్లో పెట్టుకుని నములుతోంది.

"గిదుంది కద కార్డు."

"అది ఎల్‌కేజీ అన్నా."

"ఎల్‌కేజీ అయితే స్టూడెంట్ కాదా? నెల నెల ఫీజు కడ్తలేవా?"

"కడ్తున్న."

"మరింకేంది. స్కీముల స్టూడెంట్ అని రాసిన్రు గాని ఏ క్లాసో రాయలే."

సఫియాకు భయం వేసింది. ఆమెకు భయం వేయని రోజులు తక్కువ. "రేపు ఏమన్న అయితే పిల్ల మీదికి రాదు కద? దానికి కొత్తోల్లంటేనే భయం. నలుగురు చూస్తే ఏడుస్తది."

"సీడీ కొన్నందుకు పిల్లను ఎవరన్న పట్టుకపోతరా? నువ్వొట్టిగ పరేషాన్ అయితున్నవ్."

సిద్రా నోట్లోంచి కార్డు గుంజి, తుడిచి, జిరాక్స్ తీశారు. బిల్లు సిద్రా పేరు మీద తయారైంది. పప్పు పెట్టే వేళకు సఫియా ఇంట్లోనే ఉంది.

స్కీము కింద అమ్మిన ప్రతి సీడీకీ కంపెనీ వాళ్లు బడికి ఫోన్ చేసి అడుగుతారన్న సంగతి లక్ష్మణ్‌కూ తెలియదు. సిద్రా చదివే లిటిల్ ప్యారెట్స్ స్కూలుకు యజమాని, హెడ్మాస్టరు, సాయంత్రం వేళ గేటు వేసే మనిషి కూడా కిష్టయ్య సారే. జూన్ నెలలో ఆయన ఫోన్లో ఎవరికీ ఏ విషయంలోనూ లేదు అని చెప్పడు. జూన్‌లో ఫోన్ చేసేది పిల్లల్ని చేర్చేవాళ్లే అని ఆయన నమ్మకం.

"మీ స్కూల్లో సిద్రా అనే స్టూడెంట్ ఉన్నారా సార్? మా ఆఫీసు సాఫ్ట్‌వేర్ తీసుకున్నారు."

"ఉన్నది మేడం. మా దగ్గర అందరు అదే వాడుతరు."

"ఏ క్లాసు సార్?"

కిష్టయ్య సార్ హాజరు పట్టీ తిరగేశాడు. "ఎల్‌కేజీ."

"ఎల్‌కేజీనా సార్?"

"మేము ఎల్‌కేజీ నుంచే కంప్యూటర్ నేర్పుతం మేడం," అని కిష్టయ్య సార్ ఫోన్ పెట్టేశాడు. తన నోటి నుంచి వచ్చిన ఆ మాటతో కాసేపు ఒంటరిగా కూర్చున్నాడు. ఆలోచించిన కొద్దీ అది బాగున్నట్టే తోచింది. ఎదురు బడి వాళ్లు ఈ ఏడాది కరాటే పెట్టి పిల్లల్ని గుంజుకుంటున్నారు. కరాటేకు జవాబు ఇన్నాళ్లకు దొరికింది.

ఆదివారం పొద్దున సఫియా అట్లు పోస్తుంటే కరీం పంచర్ షాపు నుంచి ఫోన్ చేశాడు.

"సఫియా, మన సిద్రా చౌరస్తల ఏలాడుతుంది."

సఫియా చేతిలో గరిట జారిపోయింది. పక్కకు తిరిగి చూస్తే సిద్రా పీట మీద కూర్చుని అట్టుకు చిల్లులు పెడుతోంది.

"సిద్రా ఇంట్లనే ఉంది కద."

"ఈడ గూడ ఉంది. ఆటో అంత ఉంది. ఏడుస్తుంది."

బడిలో చేరిన మొదటి రోజు ఐడీ కార్డు కోసం తీసిన ఫోటో అది. కళ్లలో నీళ్లు, ముక్కు కింద తడి, అన్నీ కిష్టయ్య సార్ కట్టించిన ఫ్లెక్సీలో ఏ లోపం లేకుండా పెద్దవయ్యాయి. పక్కన ఒక కంప్యూటర్ బొమ్మ. కింద ఎర్ర అక్షరాలు: మా ఎల్‌కేజీ విద్యార్థిని కుమారి సిద్రా, ఆఫీసు సాఫ్ట్‌వేర్‌లో దిట్ట. అడ్మిషన్లు జరుగుచున్నవి.

మర్నాడు సఫియా బడికి పోయి కిష్టయ్య సార్ ముందు నిలబడింది. జరిగినదంతా చెప్పింది. ఆయన ఓపికగా విన్నాడు.

"అమ్మా, తల్లి అన్నంక గట్లనే అంటది. దిష్టి తాకుతదని భయం. మా పెద్దోడు ఎంసెట్ రాసినప్పుడు మా ఇంటామె గూడ వానికి ఏం రాదనే అందరికి చెప్పింది."

"దానికి నిజంగనే ఏం రాదు సార్. పలక మీద గీతలు గీస్తది, గంతే."

"మావోనికి గూడ నిజంగనే రాలే. గది వేరే సంగతి."

"పిల్ల భయపడుతుంది సార్. ఆ బొమ్మ దింపుండ్రి. పది మంది చూస్తే దానికి మాట పడిపోతది."

"కంప్యూటరోల్లంత గట్లనే ఉంటరమ్మా. మాట తక్కువ."

అక్కడి నుంచి సఫియా లక్ష్మణ్ దగ్గరికి పోయింది. సీడీ వాపసు తీసుకొమ్మంది. "ఇప్పుడు వాపసంటే కంపెనీ నన్ను అడుగుతది, నేను నిన్ను అడగాలె, నువ్వు పిల్లను అడగాలె," అన్నాడు లక్ష్మణ్. "జర ఆగు. అడ్మిషన్లు అయిపోతే ఆయనే దింపుతడు."

ఆ సాయంత్రమే పక్కింటి బాలమణి ఒక కాగితం పట్టుకుని వచ్చింది. మరిదికి అంగన్‌వాడీ బియ్యం తోలే కాంట్రాక్టు కోసం అర్జీ.

"ఇయ్యి అక్కా, కొట్టి ఇస్త," అంది సఫియా.

"నువ్వొద్దు. పాపతోని కొట్టించు. దాని చెయ్యి మంచిగున్నట్టుంది."

సఫియా ఎంత చెప్పినా బాలమణి వినలేదు. చివరికి సఫియానే కాగితం తీసుకుని లోపలికి పోయి తలుపు దగ్గరికేసి టైపు చేసింది. సిద్రా అదే గదిలో మంచం మీద నిద్రపోతోంది. బయట అరుగు మీద కూర్చున్న బాలమణి టకటక చప్పుడు వింటూ, "ఎంత జల్ది కొడుతుందో తల్లి," అని దారిన పోయేవాళ్లకు చెప్పింది. ఆ మరిదికి కాంట్రాక్టు వచ్చింది. దాంతో జిరాక్స్ షాపులో జనం పాప కొట్టిందే కావాలని అడగడం మొదలుపెట్టారు. వడ్డేపల్లి నుంచి ఒకాయన భూమి కాగితాలు పట్టుకుని బస్సెక్కి వచ్చాడు. సఫియాకు పని పెరిగింది. పేరు సిద్రాకు పెరిగింది. దారిలో ఎవరు కనబడినా పిల్ల వేళ్లు పట్టుకుని చూస్తున్నారు. సిద్రా బయటికి రావడమే మానేసి, గడప దాటాలంటే తల్లి దుపట్టాలో దూరుతోంది.

కిష్టయ్య సార్‌కు అసలు కష్టం తన బడి పిల్లల తల్లుల నుంచే వచ్చింది. జోగులమ్మ అనే ఆమె కొడుకును చెయ్యి పట్టి తెచ్చి ఆఫీసు గదిలో నిలబెట్టింది.

"సార్, మావోడు గూడ ఆ పిల్ల పక్కనే కూసుంటడు. ఫీజు ఇద్దరికి ఒక్కటే. ఆ పిల్లకొచ్చింది మావోనికెందుకు రాలే? కంప్యూటర్ యాడుందిరా అంటే బడిల చూడనేలే అంటుండు."

బడిలో కంప్యూటర్ ఉన్నమాట నిజం. అది అదే గదిలో పూల గుడ్డ కప్పుకుని, నెత్తి మీద కిష్టయ్య సార్ టిఫిన్ డబ్బా పెట్టుకుని ఉంది. జోగులమ్మ దాన్ని చూసింది. ఆమె వెనక ఇంకొందరు తల్లులు కూడా చూశారు. తప్పించుకునే దారి లేక కిష్టయ్య సార్ శనివారం బడి ముందర సిద్రా అందరి ముందు కంప్యూటర్ నడుపుతుందనీ, మండల విద్యాధికారి రాధమ్మ మేడం కూడా వస్తారనీ ప్రకటించాడు.

ఆ వారం సఫియా కూతురికి పేరు టైపు చేయడం నేర్పాలని చూసింది. మొదటి అక్షరం సిద్రా సరిగానే నొక్కింది. మిగతావన్నీ అరచేతితో ఒకేసారి నొక్కింది.

"జరమొచ్చిందని ఇంట్లనే ఉంచుదాం," అన్నాడు కరీం.

"జరమంటే చూడనీకి ఊరంత ఇంటికే వస్తరు."

శనివారం బడి ముందు షామియానా వేశారు. బల్ల మీద కంప్యూటర్ పెట్టి, అందరికీ కనబడాలని దాని మొహం జనం వైపు తిప్పారు. సిద్రా కుర్చీలో కూర్చోనంది. సఫియా మెడ పట్టుకుని వదలలేదు. "పాప వాళ్లమ్మ ఒడిల కూసోని చేస్తది," అని కిష్టయ్య సార్ మైకులో సర్దాడు.

ఇద్దరూ కంప్యూటర్ వెనక కూర్చోవడంతో జనానికి పాప తల, తల్లి దుపట్టా మాత్రమే కనబడుతున్నాయి. చేతులు కనబడవు.

"పాపా, మన బడి పేరు కొట్టు."

సిద్రా కొట్టలేదు. మొహం తల్లి భుజంలో దాచుకుని వణుకుతోంది. సఫియా కిందికి చూసింది. ఫ్లెక్సీలో ఉన్న మొహమే అక్కడ తయారవుతోంది. ఇంకొంచెం ఆలస్యమైతే పిల్ల గొల్లుమంటుంది, ఊరంతా చూస్తుంది. ఇది తొందరగా అయిపోతే చాలనుకుని సఫియా పిల్ల చుట్టూ చేతులు వేసి, తెర చూడకుండానే బడి పేరు కొట్టింది. దాన్ని పెద్దది చేసి మధ్యకు జరిపింది. అడగకముందే కింద ఒక చిన్న స్వాగత పత్రం కూడా కొట్టేసింది. జనం చప్పట్లు కొట్టారు.

బల్ల పక్కనే కూర్చున్న రాధమ్మ మేడంకు మాత్రం చేతులు కనబడ్డాయి. ఆమె మెల్లగానే అంది, కానీ మైకు ఆమె ముందరే ఉంది.

"కొట్టింది తల్లి కద."

చప్పట్లు ఆగిపోయాయి. సఫియా పాపను భుజాన వేసుకుని లేచి నిలబడింది.

"అవు మేడం, నేనే కొట్టిన. సాఫ్ట్‌వేర్ కొన్నది గూడ నేనే, నాకోసమే. ఓపెన్ ఇంటర్ స్టూడెంట్‌ను నేను. నా రసీదు నడువదంటే దీని కార్డు పెట్టిన. దీనికి ఏం రాదు. అఆలు గూడ సగమే వస్తయి. తప్పు నాది. చౌరస్తల బొమ్మ దింపుండ్రి. దీన్ని ఇంక ఎవరు ఏం అడగకుండ్రి."

కిష్టయ్య సార్ మైకును ఆపేయడానికి మీట వెతికాడు. దొరకలేదు. లక్ష్మణ్ షామియానా గుంజ వెనక్కి జరిగాడు. ఈ ఏడాది తన బడి సంగతి కరాటే వాళ్లు చూసుకుంటారని కిష్టయ్య సార్‌కు అర్థమైపోయింది.

అప్పుడు ఆడవాళ్ల వైపు నుంచి బాలమణి లేచింది.

"నేను పక్కింటిదాన్ని, నాకు తెల్వదా. సఫియా పెండ్లయి వచ్చిననాడు ఈమెకు కంప్యూటర్ వచ్చా?"

"యాడిది," అన్నారు ఎవరో.

"చదివింది పది. ఇయ్యాల చూడకుండ గంత జల్ది కొట్టబట్టె. మరి ఇంట్ల ఎవరు నేర్పిన్రు? కరీం భాయ్ నేర్పిండా?"

అందరూ కరీం వైపు చూశారు. అతని చేతులకు టైరు నలుపు ఇంకా ఉంది. ఆ అనుమానం అక్కడితో తీరిపోయింది.

"ఇగ ఇంట్ల మిగిలిందెవరు?"

అందరూ సిద్రా వైపు తిరిగారు. మైకులో ఎవరూ మాట్లాడకపోవడంతో ఆ అమ్మాయి తల్లి భుజం మీద నిద్రపోయింది.

"నిద్రపోతుంది చూడు, ఎంత నిమ్మలంగున్నదో," అంది జోగులమ్మ. "తల్లికి నేర్పి పేరు తల్లికే ఇచ్చింది."

ఈసారి చప్పట్లు ఇంకా గట్టిగా మోగాయి. సఫియా కాదని చెప్పడానికి రెండుసార్లు నోరు తెరిచింది. రెండుసార్లూ ఆమె వినయాన్ని మెచ్చుకున్నారు. రాధమ్మ మేడం ఏం రాయాలో తోచక, కార్యక్రమం బాగా జరిగిందని రాసుకుని వెళ్లిపోయింది. సాయంత్రానికి లిటిల్ ప్యారెట్స్‌లో సీట్లు నిండాయి. ఇక అవసరం లేదు కాబట్టి కిష్టయ్య సార్ చౌరస్తాలోని బొమ్మ దింపించాడు.

సఫియా అడిగింది కూడా అదే. సిద్రాను ఇప్పుడు ఎవరూ ఏమీ కొట్టమని అడగరు. అంత పెద్ద మనిషిని చిన్న పనులు అడగడానికి మొహమాటపడుతున్నారు. కాకపోతే మధ్యాహ్నాలు బాలమణి, జోగులమ్మ, ఇంకొందరు ఆడవాళ్లు కంప్యూటర్ నేర్చుకోవడానికి సఫియా ఇంటికి వస్తున్నారు. పాఠం చెప్పేది సఫియానే. ఆ వేళకు సిద్రా బడి నుంచి వచ్చి, అన్నం తిని, అదే గదిలో మంచం మీద పడుకుని ఉంటుంది.

మేడంకు నిద్రాభంగం కాకూడదని వాళ్లు చెప్పులు వాకిట్లోనే విప్పి, చప్పుడు చేయకుండా లోపలికి వస్తారు.