రెండో చిరుత

ఆ ఉదయం తొండుప్ వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య కుంజెస్ నీళ్ళు తెచ్చేలోపు నేస్తం పుంచోక్ ఇంటికెళ్ళి రెండు గిన్నెల ఛాంగ్, అదే బార్లీ కల్లు, తాగి రావాలి. అడ్డల్లా రాత్రి కురిసిన మంచే. లోసర్ పండగ దాకా చుక్క ముట్టనని లామా ముందు ఒట్టేశాడు మరి. తప్పితే పండగ విలువిద్య పోటీలో జట్టు పెద్దరికం ఊడుతుంది.

కుంజెస్ చదవని జాడ ఆ లోయలో లేదు. నక్క అడుగు చూసి, అది ఆకలితో వెళ్ళిందో తిని వెళ్ళిందో చెప్పేది. అలాంటి ఇల్లాలిని పెట్టుకుని తాగడం ఎంత కష్టమో తొండుప్‌నే అడగాలి. ఊడ్చిన మంచుని కూడా చదివేస్తుందని, చీపురు కర్ర రెండో కొసకి టర్నిప్ దుంప గుచ్చి, దాన్ని చిరుత పంజాలా చెక్కాడు. అడుగు వేయడం, ఊడవడం, పంజా ముద్ర గుద్దడం. అలా చేరాడు.

మూడో గిన్నెలో ఉండగా వీధిలో కేకలు లేచాయి.

"చిరుతొచ్చింది! మేకల్ని లోపలికి తోలండర్రా!"

ఊరంతా పోగైంది. ఊరిపెద్ద కుంజెస్‌కి కబురంపాడు. తొండుప్ మెల్లగా జనంలో కలిశాడు. ఆమె వంగి చూసింది.

"మంచు చిరుతే," అంది. తొండుప్‌కి పోయిన ప్రాణం లేచొచ్చింది.

"కాకపోతే రెండున్నాయి. ముందుదానికేదో జబ్బు. చిరుత గోళ్ళు ముడుచుకుని నడుస్తుంది, ఇది బయటపెట్టి నడిచింది. పుంచోక్ గడప దాకా వెళ్ళింది."

"రెండోదో వదినా?" అన్నాడు పుంచోక్.

"అది అసలైనది. జబ్బుదాని వెనకే అడుగులో అడుగేసుకుంటూ వచ్చింది. ఇదిగో, ఇక్కడ కాపు కాసింది."

తొండుప్ చూశాడు. నిజమే, తను వేయని గుండ్రటి ముద్రలు! తాగిందంతా దిగిపోయింది. పండగ దాకా ఛాంగ్ వాసన కూడా చూడనని అక్కడే మళ్ళీ ఒట్టేసుకున్నాడు, ఈసారి నిజంగా.

సాయంత్రం కుంజెస్ వేడివేడి తుక్పా చారు పోసింది. గిన్నెలో రెండు టర్నిప్ ముక్కలు తేలాయి. ఒకటి గోళ్ళున్న పంజా. రెండోది గోళ్ళు లేనిది, ముచ్చటైన పనితనం.

"ఉప్పు సరిపోయిందా?"

"సరిపోయిందే," అని తొండుప్ రెండూ నమిలి మింగేశాడు.

కుంజెస్ జాడలు చదవగలదని ఊరందరికీ తెలుసు. రాయగలదని తెలిసినవాడు అతనొక్కడే.