ముప్పై రెండో నంబరు

బడి తెరిచే రోజు పొద్దున్నే లేచి రెండో తరగతి టీచరమ్మ ఫోను ముందేసుకుని కూర్చుంది. పక్కన పెట్టిన టీ మీద మీగడ కట్టింది. ఆవిడ చూడలేదు. పిల్లల ఫారాలు ఒక్కొక్కటే తిరగేస్తూ తల్లిదండ్రుల నంబర్లన్నీ ఒక గ్రూపులో చేరుస్తోంది. ఈ ఏడాది తరగతి గదిలో చీమ చిటుక్కుమన్నా ఇళ్లకు తెలిసిపోవాలని ఆవిడ పథకం.

పథకం వెనక ఉన్నది ఉత్సాహమనుకుంటే పొరపాటు, భయం. కిందటేడు "మాకెవరూ చెప్పలేదు" అంటూ తల్లిదండ్రులు గేటు దగ్గర పోగైనందుకు అప్పటి టీచరును ఇంటికి పంపేశారు. ఆ కుర్చీలోకే ఈవిడ వచ్చింది, అదీ మూడు నెలల పరీక్ష మీద. "ఆ మాట ఒక్క ఇంటివాళ్లు అన్నా మీ ఉద్యోగం ఖాయం చెయ్యను" అని పెద్ద మేడమ్ తీసుకున్న రోజే కుండ బద్దలు కొట్టింది.

భర్త భుజం మీదుగా తొంగి చూశాడు. "నంబర్లు ముప్పై రెండన్నావు. ఇక్కడ ముప్పై ఒకటే ఉన్నాయేం?"

"ఆ ఒక్కటీ పెద్ద మేడమ్‌ది. ఆవిడ మనవరాలు నా క్లాసే. అమ్మమ్మ దగ్గరే ఉంటోందిట, ఫారంలో ఆవిడ నంబరే రాశారు."

"అయితే ఏం?"

"అయితేనా! నేను రాసే ప్రతి ముక్కా ఆవిడ చదువుతుందండీ. కాస్త అలవాటు పడ్డాక కలుపుతాలెండి."

"నీ ఇష్టం" అన్నాడాయన. కాపురంలో ఆ మాటకు అర్థమేమిటో ఆవిడకు తెలుసు. అయినా నంబరు కలపలేదు.

మొదటి రెండు పీరియడ్లూ చల్లగా గడిచాయి. మూడో పీరియడులో ఓ పిల్ల నీళ్ల సీసా మూత ఊడిరాక, ఊడిరాక, చివరికి భోరుమంది. టీచరమ్మ రుమాలు చుట్టి, పళ్లు బిగించి తిప్పితే ఎట్టకేలకు వచ్చింది. పిల్ల గడగడా తాగి, ముక్కు తుడుచుకుని, రంగు పెన్సిళ్ల దగ్గరికి పరిగెత్తింది. అంతా కలిపి నాలుగు నిమిషాలు. గోటితో పోయిన వ్యవహారం అది.

కానీ చెప్పకపోతే? టీచరమ్మ ఫోను చేతిలోకి తీసుకుంది. చెబుదామంటే గ్రూపులో ఏ పిల్ల పేరూ రాయకూడదని బడి నియమం. ఆలోచించి, ఆలోచించి ఇలా రాసింది: "ఈ రోజు తరగతిలో ఒకరు కాసేపు ఏడ్చారు. ఇప్పుడు అంతా బాగానే ఉంది. కంగారు పడవద్దు."

కంగారు పడవద్దన్నాక పడని తల్లి ఎక్కడైనా ఉంటుందా?

"మావాడేనా టీచరుగారూ? వాడికి కొత్తచోటు పడదు" అని ముందుగా ఆస్పత్రి నర్సు అడిగింది. "కాదండీ" అని రాసింది టీచరమ్మ. "మరి మా పాప?" "కాదండీ." "మావాళ్లిద్దరూ కవలలు, అందులో ఎవరు?" "ఇద్దరూ కాదండీ." అలా పదకొండు మందికి కాదు, కాదు అంటూ పోయి, పన్నెండో జవాబు దగ్గర ఆవిడ వేలు గాల్లో ఆగిపోయింది.

ఏడ్చిన పిల్ల పెద్ద మేడమ్ మనవరాలు! ఈ గ్రూపులో ముప్పై ఒక్క మందికీ కాదనే చెప్పాలి. చెబితే, మరి ఏడ్చిందెవరని అడుగుతారు. లెక్క తేలుతుంది, కలపని నంబరు బయటపడుతుంది. టీచరమ్మ ఫోను సొరుగులో పడేసి, పిల్లలచేత ఎక్కాలు చదివించడం మొదలుపెట్టింది.

అదే కొంప ముంచింది. జవాబు రానివాళ్లంతా "మాకు కాదనలేదంటే మావాడే" అనుకుని బయల్దేరారు. జవాబు వచ్చినవాళ్లు "అంతమంది పరిగెడుతున్నారంటే ఏదో ఉంది, మనకి ఊరికే ధైర్యం చెప్పారు" అనుకుని వాళ్లూ బయల్దేరారు. అరగంటలో బడి గేటు కిక్కిరిసిపోయింది. దర్జీ మెడలో టేపుతోనే వచ్చాడు. ఒకాయన సగం గడ్డం గీసుకుని, మిగతా సగానికి నురగతో వచ్చాడు. ఎక్కాలు చదువుతున్న పిల్లలు కిటికీలోంచి తమ అమ్మానాన్నలను చూసి బావురుమన్నారు. పొద్దున ఏడ్చింది ఒక్కరే, ఇప్పుడు తరగతి తరగతంతా ఏడుస్తోంది.

పెద్ద మేడమ్ వరండాలోకి వచ్చింది. "ఏమిటీ సంత?"

"ఎవరో ఏడ్చారట, ఎవరన్నది మాకెవరూ చెప్పలేదండీ!" అన్నాడు బస్సు డ్రైవరు.

ఆ మాట! ఏ మాట వినకూడదని టీచరమ్మ టీ కూడా తాగకుండా కష్టపడిందో, సరిగ్గా ఆ మాటే. ఆవిడ ఏడుస్తున్న పిల్లల్ని వెంటేసుకుని వరండాలోకి వచ్చి నిలబడింది.

"ఏడ్చిన బిడ్డ ఇంటివాళ్లకైనా చెప్పారా?" అంది పెద్ద మేడమ్.

"లేదండీ."

"నంబరు లేదా?"

"ఉందండీ. కలపలేదు."

"ఎందుకని?"

"భయమేసి" అంది టీచరమ్మ. అబద్ధమాడే ఓపిక కూడా లేదు.

"ఇంటివాళ్లంటే భయపడేవాళ్లు పాఠాలేం చెబుతారు?" పెద్ద మేడమ్ జనం వైపు తిరిగి గొంతు పెంచింది. "మీ అందరి ఎదుటా చెబుతున్నాను. ఆ బిడ్డ ఇంటివాళ్లెవరో, వాళ్లు నోరారా క్షమించామంటేనే ఈవిడ ఈ బళ్లో ఉంటుంది. లేకపోతే ఈ రోజే ఆఖరు. పిలవండి వాళ్లని!"

టీచరమ్మ వెనకనుంచి రంగు పెన్సిలు పట్టుకున్న చెయ్యొకటి పైకి లేచింది.

"నేనే ఏడ్చాను అమ్మమ్మా! సీసా మూత రాలేదు. కారిపోతుందని పొద్దున నువ్వే గుడ్డ వేసి మరీ బిగించావుగా!"

ముప్పై ఒక్క ఇళ్లవాళ్లు ముప్పై రెండో ఇంటివైపు చూశారు. పెద్ద మేడమ్ కళ్లజోడు తీసింది, తుడిచింది, పెట్టుకుంది, మళ్లీ తీసింది.

"మరి క్షమించినట్టేనా మేడమ్?" అని డ్రైవరు ఎంతో మర్యాదగా అడిగాడు.

"క్షమించారు" అంది ఆవిడ, ఎవరో పక్కింటివాళ్ల సంగతి చెబుతున్నట్టు.

టీచరమ్మ అక్కడే మెట్టు మీద కూలబడి కళ్లొత్తుకుంది. నర్సు వచ్చి భుజం నిమిరింది.

సాయంత్రానికల్లా ముప్పై రెండో నంబరు గ్రూపులో చేరింది. చేరీ చేరగానే దాన్నుంచి మొదటి ఆదేశం వచ్చింది: "రేపటినుంచి నీళ్ల సీసాల మూతలు వదులుగా పెట్టి పంపవలెను."

మర్నాడు ముప్పై రెండు ఇళ్ల సంచుల్లోనూ పుస్తకాలు నాని వచ్చాయి, ఆ సంగతి మాత్రం ఎవరూ ఎవరికీ చెప్పలేదు.