రెండు చక్రాలూ ఫ్యాక్టరీ స్థితిలోనే ఉన్నాయి

మనిషి చక్రాన్ని కనిపెట్టి ఎన్ని వేల ఏళ్లయిందో నాకు తెలియదు. ఆ చక్రం తిరగడానికి ఏడు కాగితాలు కావాలని కనిపెట్టిన ఘనత మాత్రం మా జిల్లాదే. కరగండా స్టెప్పీ గడ్డిమైదానం మొత్తంలో ఈ విషయంలో మాకు సాటి లేదని మా వాహన నిర్మాణ మార్పుల సమన్వయ కేంద్రం గోడ మీద అద్దాల చట్రంలో రాసి పెట్టారు. (కింద సంతకం డైరెక్టరు బెకెత్ ఒరల్‌బాయెవిచ్ గారిదే. పొగడమని బయటివాళ్లను అడిగితే ఫైలు ఆలస్యమవుతుందని ఆయనే పొగిడేసుకున్నారు.)

ముందు డిఫరెన్షియల్ సంగతి చెప్పాలి. కారు వెనక ఇరుసు మధ్యలో గుమ్మడికాయంత ఇనప గుండు ఒకటి ఉంటుంది. దాని లోపల పళ్లచక్రాలు ఉంటాయి. కారు మలుపు తిరిగేటప్పుడు బయటివైపు చక్రం ఎక్కువ దూరం పోవాలి, లోపలివైపుది తక్కువ పోవాలి. ఎవరి వేగంతో వాళ్లను పోనిచ్చేది ఆ గుండే. ఇంతవరకూ బాగానే ఉంది. కానీ ఒక చక్రం మంచు మీదా ఇంకోటి గట్టి నేల మీదా ఉంటే, ఇంజను బలమంతా మంచు మీది చక్రానికే పోతుంది. అది గిర్రున తిరిగిపోతూ ఉంటుంది, గట్టి నేల మీది చక్రం నిలబడి చూస్తూ ఉంటుంది. మా ఆఫీసుల్లో పని జరిగేది కూడా ఇలాగే కాబట్టి దీన్ని మేం ఎప్పుడూ లోపం అనుకోలేదు.

దీనికి రెండు మందులున్నాయి. ఒకటి, ఆ పళ్లచక్రాలన్నింటినీ కలిపి వెల్డింగ్ చేసి పారేయడం. అప్పుడు చక్రాలు రెండూ ఎప్పుడూ ఒకే వేగంతో తిరుగుతాయి, మంచులో కూరుకుపోవడం ఉండదు, కాకపోతే మలుపు దగ్గర మొండికేస్తాయి. రెండోది, లిమిటెడ్ స్లిప్ అనే రకం కొనుక్కుని పాతదాని స్థానంలో పెట్టించుకోవడం. అది మలుపులో చక్రాలను విడిగా పోనిస్తుంది, మంచులో వాటిని కలిపి పట్టుకుంటుంది. రెండు బలిసిన గొర్రెల ఖరీదు అవుతుంది. బుద్ధున్నవాడెవడైనా రెండోదే ఎంచుకుంటాడు. బుద్ధున్నవాళ్ల కోసం ఏం చెయ్యాలో మా కేంద్రం ముందే ఆలోచించి పెట్టింది.

సారిబులాక్ అనే ఊళ్లో ఉల్మెకెన్ అనే ఫెల్షర్ ఉంది. ఫెల్షర్ అంటే డాక్టరు చేయాల్సిన పనంతా డాక్టరు జీతం లేకుండా చేసే మనిషి. యాభై రెండేళ్లు, మోకాళ్ల నొప్పులు, చేతిలో ఒక పాత ఝిగులీ కారు. ఆ ఊరికి అవతల పన్నెండు కిలోమీటర్ల దూరంలో ముఖిత్ అనే గొర్రెల కాపరి శీతాకాలపు మకాం ఉంది. మధ్యలో ఒక కొండ ఎక్కాలి. పోయిన ఏడు జనవరిలో ముఖిత్ భార్య జానిల్‌కి నొప్పులొస్తే ఉల్మెకెన్ బయల్దేరింది. డిక్కీలో ఇసుక బస్తాలు వేసుకున్నా కారు కొండ సగంలోనే ఆగిపోయి, ఒక చక్రం గిర్రున తిరుగుతూ ఉండిపోయింది. మిగతా దూరం మంచులో నడిచింది. ఆవిడ చేరేసరికి బిడ్డ దక్కలేదు.

అదే ఏడు జానిల్ మళ్లీ గర్భవతి అయింది. నెలలు నిండేది తర్వాతి ఫిబ్రవరిలో. ఉల్మెకెన్ సెప్టెంబరులోనే కేంద్రానికి వచ్చి క్యూలో నిలబడింది. ఆవిడ వెనక నిలబడింది నేనే. (నా కారు పైకప్పు మీద నిచ్చెన కట్టుకునే చట్రం బిగించినందుకు పిలిచారు. నా కేసు ఇంకా నడుస్తోంది.) క్యూ చీటీ ఫోన్ యాప్‌లో వస్తుంది. వచ్చిన పావుగంటలో కిటికీ దగ్గరికి చేరకపోతే చెల్లదు. కిటికీ దగ్గరికి చేరడానికి రెండు గంటలు పడుతుంది. కిటికీలు రెండు. ఒకటో కిటికీలో ఒకాయన కూర్చుని ఉంటారు. పనంతా రెండో కిటికీలో రోజా అనే అమ్మాయి చేస్తుంది.

"డిఫరెన్షియల్ మారుస్తారా అక్కా? అది నిర్మాణ మార్పు కిందికొస్తుంది. ఏడు కాగితాలు కావాలి" అంది రోజా, తల ఎత్తకుండానే.

"కారు బాగుపడటానికేగా మార్చేది?"

"బాగుపడటం అనే గడి ఫారంలో లేదక్కా. నేను వెతికాను కూడా."

ఆ ఏడింటిలో ఒకటి, తమకేమీ అభ్యంతరం లేదని కారు తయారుచేసిన ఫ్యాక్టరీ రాసిచ్చే ఉత్తరం. (ఆ మోడల్ తయారీ ఆగిపోయి చాన్నాళ్లయింది.) ఇంకొకటి, ప్రయోగశాల పత్రం. ఆ ప్రయోగశాల ముందే అనుమతి పొందిన కార్లను మాత్రమే పరీక్షిస్తుంది. నాకు అన్నిటికన్నా నచ్చింది ఐదో కాగితం. కొత్త భాగాన్ని బిగించక ముందు, బిగించిన స్థితిలో తీసిన ఫొటో జతచేయాలి. ఉల్మెకెన్ దాన్ని మూడుసార్లు చదివింది. "నాకు కళ్లద్దాలు మార్చాలేమో" అనుకుంటూ, ఉన్న కాగితాలతోనే దరఖాస్తు ఇచ్చి వెళ్లిపోయింది.

అక్టోబరు పోయింది, నవంబరు పోయింది. డిసెంబరులో ఆవిడ అక్క కొడుకు అల్దియార్ ఇంటికొచ్చాడు. జలాశయం గడ్డకట్టాక ఆదివారాలు ఆ మంచు మీద కారు అడ్డంగా తిప్పుతూ కేకలు పెట్టించుకునే బాపతు. వాడిదీ ఝిగులీయే, డిఫరెన్షియల్ వెల్డింగ్ చేయించి మూడేళ్లయింది, ఏటా తనిఖీలో పాసవుతోంది.

"నీకేమన్నా పిచ్చా పిన్నీ? అడిగితేనే కదా కాదంటారు. నేను అడిగానా ఎవర్నైనా?"

"తనిఖీలో పట్టుకోరూ?"

"పట్టుకోడానికి అందులో కొత్త భాగం ఏముందని? వెళ్లి ఆ డైరెక్టర్నే అడుగు."

ఉల్మెకెన్ నిజంగానే వెళ్లి అడిగింది. నిజాయితీపరులతో వచ్చిన చిక్కే ఇది, తప్పు కూడా అడిగే చేస్తారు. బెకెత్ ఒరల్‌బాయెవిచ్ టీలో పాలు కలుపుకుంటూ శాంతంగా విన్నారు.

"వెల్డింగా? కొత్త భాగం ఏమైనా పెడుతున్నారా?"

"లేదండీ."

"పాతది తీసేస్తున్నారా?"

"లేదండీ. లోపలున్నవాటినే అతికించేస్తారు."

"అంటే ఫ్యాక్టరీ ఇచ్చిన భాగాలన్నీ కారులోనే ఉన్నాయి. కాస్త దగ్గరయ్యాయి, అంతే. దగ్గరవడం మార్పు కాదమ్మా."

"మరి అది ప్రమాదం కదండీ? కారు మలుపు తిరగనంటుంది. లిమిటెడ్ స్లిప్ అయితే ఆ గొడవే ఉండదు. మీ జీపులో ఉన్నది కూడా అదే కదా."

"నా జీపులో అది ఫ్యాక్టరీ పెట్టింది. నేను పెట్టలేదు. ఇక మలుపు తిప్పడం అంటారా, అది డ్రైవరు పని. ఆ విభాగం పక్క వీధిలో ఉంది."

పక్క వీధిలో ఆ రోజు సెలవు.

వెల్డింగ్ చేసింది ఫ్యోదర్ క్లైన్ అనే ముసలాయన. ఆయన తాతను ప్రభుత్వం బలవంతంగా రైలెక్కించి మా స్టెప్పీలో దించినప్పటి నుంచీ వాళ్ల ఇంట్లో అందరిదీ ఇనప పనే. గుండు విప్పి, లోపల నాలుగు చోట్ల వెల్డింగ్ చేసి, మూత బిగించి ఆయన చెయ్యి తుడుచుకున్నాడు.

"చూడు ఉల్మెకెన్, మంచు మీద దీనికి తిరుగులేదు. పొడి రోడ్డు మీద మాత్రం ఇది నీ మాట వినదు. పొడి రోడ్డు కనిపిస్తే బాగా నెమ్మదించు."

"ఫిబ్రవరిలో మన జిల్లాలో పొడి రోడ్డు ఎక్కడుంది ఫ్యోదర్ అన్నా?"

ఇద్దరూ నవ్వుకున్నారు.

జనవరిలో తనిఖీ అయింది. తనిఖీ అధికారి కారు వెనక భాగం జాకీ మీద ఎత్తి ఒక చక్రం తిప్పాడు. రెండోది కూడా అటే తిరిగింది. మామూలు కారులో అది ఎదురు తిరగాలి. "చక్రాలు పరస్పర సమన్వయంతో ఉన్నాయి" అని రాసి ముద్ర వేశాడు.

ఫిబ్రవరి పదిహేడున పొద్దున్న పదింటికి ముఖిత్ ఫోన్ చేశాడు. ఆ ముందు రోజంతా మంచు తుఫాను. ఉల్మెకెన్ కారు తీసింది. పోయినేడు ఆగిపోయిన చోటును కారు పట్టించుకోకుండా దాటేసింది. ఆ కాసేపూ స్టీరింగ్ మీద ఏడ్చానని ఆవిడే నాకు తర్వాత చెప్పింది. మగపిల్లాడు పుట్టాడు, గట్టిగా ఏడ్చాడు. కానీ జానిల్‌కి రక్తం ఆగలేదు. తల్లినీ బిడ్డనూ వెనక సీట్లో పడుకోబెట్టి, ముఖిత్‌ను పట్టుకోమని, జిల్లా ఆసుపత్రికి బయల్దేరింది. నలభై కిలోమీటర్ల మంచు మీద కారు ఒక్కసారి కూడా జారలేదు.

ఆసుపత్రి మా కేంద్రం వెనక వీధిలో ఉంది. కేంద్రం ముందు మలుపు ఉంది. మా జిల్లాలో ఫిబ్రవరిలో ఉప్పు చల్లి, తారు కనపడేదాకా గీకి శుభ్రం చేసే రోడ్డు ముక్క అదొక్కటే, ఎందుకంటే డైరెక్టరు గారి జీపు అక్కడ ఆగుతుంది. వెనక్కి తిరిగి జానిల్ మొహం చూసిన ఉల్మెకెన్‌కు నెమ్మదించాలన్న మాట గుర్తులేదు. ఆవిడ స్టీరింగ్ తిప్పింది. ముందు చక్రాలు తిరిగాయి. వెనక చక్రాలు రెండూ పొడి తారును పట్టుకుని, పరస్పర సమన్వయంతో కారును నేరుగా కేంద్రం జెండా స్తంభం మీదికి నెట్టాయి.

వెనక సీట్లోవాళ్లకు దెబ్బలు తగల్లేదు. ఉల్మెకెన్ తొడ ఎముక విరిగింది. అరుపులు విని మా కేంద్రం సిబ్బంది, డైరెక్టరు గారితో సహా, కొలత టేపుతో బయటికొచ్చారు. స్తంభం ఎంత వంగిందో కొలిచారు. కోటు కూడా వేసుకోకుండా పరిగెత్తుకొచ్చి పిల్లాణ్ని అందుకున్నది రోజా ఒక్కతే.

"సార్, జీపు తాళాలివ్వండి!"

"ఉండమ్మా, ప్రయాణ పత్రం మీద సంతకం ఎవరు పెడతారు?"

రోజా ఆయన చేతిలోంచి తాళాలు లాక్కుంది. జీపు మలుపు చక్కగా తిరిగింది. జానిల్ బతికింది, పిల్లాడు బతికాడు. క్యూ చీటీ లేకుండా ప్రభుత్వ వాహనం వాడుకున్నందుకు రోజాను రెండో కిటికీ నుంచి తీసేశారు. (ఇప్పుడు ఒకటో కిటికీలో ఎప్పట్లాగే ఆ ఒకాయన కూర్చుంటారు, రెండో కిటికీలో ఎవరూ కూర్చోరు.)

ప్రమాద నివేదిక రెండు వాక్యాలు. కారణం: డ్రైవరు మలుపు తిరగలేదు. వాహనం: ఫ్యాక్టరీ స్థితిలో ఉంది. మార్చిలో ఉల్మెకెన్ సెప్టెంబరు దరఖాస్తుకు జవాబు కూడా వచ్చింది. లిమిటెడ్ స్లిప్ బిగించుకోవడానికి సూత్రప్రాయంగా అభ్యంతరం లేదట, పరిశీలన కోసం కారును ఆవిడే స్వయంగా నడుపుకుంటూ తీసుకురావాలట. నేను ఆ ఉత్తరం ఆసుపత్రి మంచం దగ్గర చదివి వినిపించాను. ఆవిడ మొహం గోడవైపు తిప్పుకుంది. నాకు తిట్టాలనిపించింది, ఎదురుగా తిట్టడానికి ఎవరూ లేరు.

ఆవిడ శరదృతువు దాకా నడవలేదు. సారిబులాక్‌కు కొత్త ఫెల్షర్ కావాలని జిల్లా నోటీసు బోర్డు మీద ప్రకటన అంటించారు. డిప్లొమా ఉండాలి, సొంత కారు ఉండాలి, ఆ కారు ఫ్యాక్టరీ స్థితిలో ఉండాలి. పోస్టు భర్తీ అయ్యేదాకా కొండ అవతలి మహిళలు తమ కాన్పులను మే నుంచి సెప్టెంబరు మధ్యలోకి సర్దుకుని సహకరించాలని అడుగున చిన్న అక్షరాల్లో ఉంది.