ముందు చొక్కా, తర్వాత సంచి

ఏడు సంచులు ఆరేయడం అయింది. ఇంకో రెండు బకెట్లో ఉన్నాయి. డాబా మీద తీగకి ఒక్కో సంచినీ రెండేసి క్లిప్పులతో బిగిస్తూ నిదానం లోలోపల ఉరకలేస్తోంది. అది ఆమె అసలు పేరు కాదు. కుట్టు శిక్షణ కేంద్రంలో అందరూ దిండు గలీబు కుట్టేసి ఇళ్ళకి బయల్దేరే వేళకి ఆమె ఇంకా కొలతలు సరిచూసుకుంటూ ఉంటుందని టీచరమ్మ పెట్టిన పేరు.

భర్త నుంచి విడిపోయి ఎనిమిది నెలలు. అప్పట్నుంచీ అన్నయ్య ఇంట్లోనే ఉంటోంది. బయల్దేరిన రోజు కంగారులో తన పెట్టె బదులు ఆయన పెట్టె తెచ్చుకుంది. అందులో తొమ్మిది చొక్కాలు ఉన్నాయి. ముందు ఎవరు ఫోన్ చేయాలన్న పంతంలో పెట్టెలు మారనే లేదు. కుట్టు నేర్చుకోవడానికి గుడ్డ కావాలి కదా! తొమ్మిది చొక్కాలూ తొమ్మిది సంచులయ్యాయి. చొక్కా జేబు సంచికి జేబయింది, గుండీల పట్టీ మూత అయింది.

ఆ రోజు సాయంత్రం అయిదులోగా ఇరవై ఆర్డర్లు చూపించినవాళ్ళకి కేంద్రం ముందున్న కొట్టు ఆరు నెలలు అద్దె లేకుండా ఇస్తారు. నిదానం దగ్గరున్నవి నాలుగు. వాటిలో మూడు వదినవే.

"అమ్మాయ్, ప్రకటన పెట్టావా?" వదిన మెట్ల మీంచే అరిచింది.

"రాస్తున్నా వదినా. మొదటి వాక్యం కుదరట్లేదు."

"బుధవారం నుంచీ మొదటి వాక్యమేనా? ఫోన్ ఇలా తే!"

నిదానం నోటుబుక్కులో టీచరమ్మ సూత్రం ఒకటి ఉంది: వస్తువు ముందు ఎలా ఉండేదో, తర్వాత ఎలా అయిందో పక్కపక్కన చూపించాలి. తర్వాత అంటే సంచి. ముందు అంటే చొక్కా. విడిగా చొక్కా ఫొటో ఎక్కడుంటుంది? నీలం గళ్ళ చొక్కా తొడుక్కుని ఆయన నిలబడ్డ ఫొటో ఒకటి దొరికింది. తల కత్తిరిస్తే బాగుండదని వదిన తలతో సహా పెట్టేసింది. బోసిగా ఉందనిపించి చుట్టూ తెల్లపూల చట్రం తగిలించింది. కింద "ఆయన చొక్కాలతో కుట్టిన సంచులు. మీ ఆర్డరే మా అమ్మాయికి ఆసరా" అని రాసి వీధి ఆడవాళ్ళ గ్రూపులోకి వదిలింది.

పది నిమిషాల్లో ఫోన్ మోగింది.

"రెండు రాసుకో తల్లీ. ఎప్పుడు జరిగింది?"

"ఎనిమిది నెలలైందండీ."

"అయ్యయ్యో! ఉన్నట్టుండా?"

"లేదండీ. పెళ్ళయినప్పట్నుంచీ కొద్దికొద్దిగా."

పదకొండింటికల్లా ఇరవై ఆరు ఆర్డర్లు. వదిన గంతులేసింది. నిదానానికి కాళ్ళు నేల మీద ఆనలేదు.

"ఆర్డరిచ్చే ప్రతివాళ్ళూ ధైర్యంగా ఉండమంటున్నారేంటి వదినా?"

"వ్యాపారానికి ధైర్యం కావద్దూ!"

ఆయన పార్శిల్ ఆఫీసులో సూపర్‌వైజరు. ఉదయమే గోడౌను తనిఖీకి వెళ్ళి, మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి ఆఫీసంతా తలలు వంచుకుని నిలబడి ఉంది. ఎవరో పోయారనుకుని, టోపీ తీసి, ఆయన కూడా చివరి వరసలో తల వంచాడు. రెండు నిమిషాలు అయ్యాక పక్కనున్న గుమాస్తాని మెల్లిగా అడిగాడు.

"ఎవరయ్యా పోయింది?"

"మీరే సార్," అన్నాడు గుమాస్తా తలెత్తకుండా. తర్వాత ఎత్తాడు. ఎత్తి, కేక పెట్టాడు.

గుమాస్తా భార్యది నిదానం వాళ్ళ వీధే. ఆవిడ ఫోన్లోంచి పూల చట్రం ఆఫీసంతా తిరిగిందన్నమాట. ఆయన తన ఫొటో తాను చూసుకుని, ఆటో పిలిచాడు.

ఆయన వచ్చేసరికి హాలు నిండా ఆడవాళ్ళు. ఓదార్చడానికి వచ్చి, సంచులు చూసి, ఏ రంగు ఎవరికన్న వాదనలో ఉన్నారు. మధ్యలో లెక్క తేల్చడానికి కేంద్రం నుంచి వచ్చిన టీచరమ్మ, కలం తెరిచి పట్టుకుని ఆర్డర్లు రాసుకుంటోంది. గుమ్మంలో ఆయన్ని చూడగానే పక్కింటి పెద్దావిడ కుర్చీ ఎక్కేసింది.

"ఎవరే నన్ను చంపింది?" అని గర్జించాడాయన.

"రండి అన్నయ్యా, మంచినీళ్ళు తాగండి," అంది వదిన. వెంటనే నిదానం చెవిలో, "నోరెత్తకు. అయిదు కొట్టనీ," అంది.

నాలుగున్నరైంది. నిదానం ఒకసారి టీచరమ్మ కలం వైపు చూసింది, ఒకసారి ఆడవాళ్ళ వైపు చూసింది.

"ఆయన బతికే ఉన్నారండీ. మేం విడిపోయాం, అంతే. జాలిపడి రాయించుకున్నవాళ్ళు కొట్టేయించుకోవచ్చు."

అదే మాట గ్రూపులోనూ పెట్టింది. ఈసారి మొదటి వాక్యం వెంటనే కుదిరింది.

కలం గీతలు కొట్టడం మొదలెట్టింది. ఇరవై ఆరు పదిహేడైంది, పదమూడైంది, తొమ్మిది దగ్గర ఆగింది. వదిన తల పట్టుకుంది. ఆయన ముఖంలోకి కళ వచ్చింది.

"నీకెందుకీ వ్యాపారాలని ఆనాడే చెప్పానా లేదా?"

ఈలోగా పెద్దావిడ కుర్చీ దిగి దగ్గరికొచ్చింది.

"అయితే అమ్మాయ్, మనిషి ఉండగానే చొక్కాలు కత్తిరించావా?"

"అవునండీ."

"తొమ్మిదీ?"

"తొమ్మిదీనండీ."

"ఏమీ కాలేదా?"

"ఏమీ కాలేదండీ."

పెద్దావిడ కళ్ళు మెరిశాయి. "చూశారటే! పోయేదాకా ఆగక్కర్లేదట! మా ఆయన బీరువాలో ముప్పై మగ్గుతున్నాయి. తొడగడు, పారేయనివ్వడు. నాలుగు సంచులు రాయి టీచరమ్మా!"

"నావి ఆరు!"

"పాంట్లు కూడా పట్టుకురావచ్చా?"

ఫోన్ ఎడతెగకుండా మోగింది. గుమాస్తా భార్య ఒక్కతే అయిదు చెప్పింది. టీచరమ్మ పేజీ తిప్పింది, ఇంకో పేజీ తిప్పింది. అయిదుకి రెండు నిమిషాలుండగా నలభై ఒకటి దగ్గర గీత గీసి, కొట్టు తాళంచెవి నిదానం అరచేతిలో పెట్టింది. నిదానం దాన్ని మూడుసార్లు సరిచూసుకుంది.

ఇంత సందడిలోనూ పెద్దావిడ చూపు ఆయన మీద పడింది. దగ్గరికెళ్ళి చొక్కా చెయ్యి రెండు వేళ్ళతో నలిపి చూసింది. "గుడ్డ గట్టిదే," అంది. ఇంకో ఇద్దరు వచ్చి వెనకవైపు నుంచి కూడా చూశారు.

ఆయన మెడ దాకా గుండీలన్నీ పెట్టుకుని, రెండు చేతులూ కట్టుకుని ఇంట్లోంచి వెళ్ళిపోయాడు.

ఆ చొక్కాకి అప్పటికే ముగ్గురు పేర్లు రాయించుకున్నారు.