ఎనిమిదో జ్యూరర్ శ్రద్ధ

జడ్జి మృదుల ఆ ఉదయం వేసుకున్న ప్లాన్ చాలా చిన్నది. లంచ్ తర్వాత లాయర్ల ఆఖరి వాదనలు విని, సాయంత్రానికల్లా కేసును జ్యూరీ చేతిలో పెట్టాలి. నాసిరకం కృత్రిమ మోకాళ్ళు అమ్మిందని ఒక కంపెనీ మీద నలభైమంది రోగులు వేసిన కేసు అది. ఏడేళ్ళు నలిగి, ఆరు వారాలుగా ఆమె ఫెడరల్ కోర్టులో నడుస్తోంది. తీర్పు చెప్పాల్సిన జ్యూరర్లు ఎనిమిదిమంది. ఆరుగురికంటే తగ్గితే అంతా మళ్ళీ మొదటికొస్తుంది. వాళ్ళలో ఎనిమిదో నంబరు పెద్దాయన అంటే ఆమెకు మహా గురి. ప్రతి సాక్షి మాటకూ తలూపుతూ వినేవాడు.

జెర్సీ సిటీలో ఇంట్లోంచి బయల్దేరుతుంటే తండ్రి అచ్యుతరావు కోటు తొడుక్కుని వచ్చాడు. నలభై ఏళ్ళు ఎముకల డాక్టరుగా చేసి రిటైరైన మనిషి.

"నువ్వు జడ్జివై మూడేళ్ళయింది. ఇవాళ నేనూ వస్తానమ్మా. కేసు దేని గురించి?"

"ఇంట్లో కేసుల మాట ఎత్తనని తెలుసుగా నాన్నా. రా, కానీ అక్కడ ఎవరితోనూ మాట్లాడకు, ప్లీజ్."

ఒంటిగంటన్నరకు క్లర్క్ జెనిఫర్ తలుపు తోసుకొచ్చింది. "జడ్జ్, మీ నాన్నగారు కారిడార్‌లో మన మూడో నంబరు జ్యూరర్‌కి మోకాలు చూస్తున్నారు."

మృదుల తండ్రిని తన గదికి పిలిపించింది. ఒళ్ళు మండిపోతోంది.

"కుంటుతున్నాడమ్మా. రాఘవులట, మన తెనాలివాడు. కోటు కింద బ్యాడ్జ్ ఉంటే జ్యూరరని నాకెలా తెలుస్తుంది? చూస్తూ కూర్చోనా?"

"ఏం చెప్పావు?"

"ఆపరేషన్ చేయించుకో గానీ, ఫలానా కంపెనీ మోకాలు మాత్రం పెట్టించుకోకన్నాను."

"కేసు ఆ కంపెనీ మీదే నాన్నా."

"ఆ ముక్క పొద్దున్నే చెప్తే పోయేదిగా."

ఆమెకు కోపం రెట్టింపైంది.

రాఘవుల్ని జ్యూరీ నుంచి తప్పించారు. ఏడుగురు మిగిలారు. పోతూ పోతూ అతను నిజాయితీగా, "ఫ్రీగా చూస్తున్నారు కదాని ఆరో నంబరు ఆవిణ్ణి కూడా పిలిచానండి" అన్నాడు. ఆవిడా కంపెనీ పేరు విన్నానంది. ఆవిణ్ణీ పంపేశారు. ఆరుగురు. వెళ్ళేముందు ఆవిడ, "డాక్టర్‌గారు ఎనిమిదో నంబరాయనకి కూడా రెండుసార్లు చెప్పారు" అంది. రెండు పక్షాల లాయర్లూ ఒకేసారి లేచారు.

చివరికి అచ్యుతరావును బోనెక్కించి ప్రమాణం చేయించారు. కూతురు జడ్జి కుర్చీలో పళ్ళు బిగించి కూర్చుంది.

"ఎనిమిదో జ్యూరర్‌తో ఏమన్నారు?" కంపెనీ లాయరు అడిగాడు.

"అదే మోకాలి సంగతి. కానీ ఆయనకేమీ వినపడలేదు."

మృదులకు ప్రాణం లేచొచ్చింది. ఆ క్షణంలో తండ్రిని క్షమించేసింది కూడా.

"వినపడలేదని మీకెలా తెలుసు?"

"డాక్టర్ని కదండీ. ఆయనకి రెండు చెవులూ పనిచేయవు. ఊరికే తలూపుతాడు. కనీసం రెండేళ్ళ బట్టీ ఇంతే అయ్యుంటుంది."

మృదుల ఎనిమిదో జ్యూరర్‌ను పిలిపించి, మామూలు గొంతుతో పేరడిగింది. ఆయన ఎంతో శ్రద్ధగా తలూపాడు.

ఆయన్నీ తప్పించాక మిగిలిన ఐదుగురితో సరిపెట్టుకోవడానికి కంపెనీ ఒప్పుకోలేదు. ఆరు వారాల విచారణ రద్దయింది. ముందు వరుసలో చక్రాల కుర్చీలో ఉన్న ఒకావిడ, "మళ్ళీ ఎప్పుడు?" అని అడిగింది. మృదుల ఆవిడ మొహం చూడలేకపోయింది. తండ్రి మీది కోపం అక్కడే తన మీదికి మళ్ళింది. మనిషి తలూపితే చాలు, విన్నాడనుకుంది.

కారులో అచ్యుతరావు, "నేను రాకపోతే మీ కోర్టు చెవులు వినపడని మనిషి చేత తీర్పు చెప్పించేది. ఒక్క థాంక్స్ లేదు" అన్నాడు. ఆయన అన్నది నిజం కావడమే ఆమెకు అన్నిటికన్నా మంట.

మార్చిలో కేసు కొత్త జ్యూరీతో మొదలైంది. మృదుల అన్నిటికంటే ముందు, "నా మాట మీ అందరికీ వినపడుతోందా?" అని అడిగింది.

ఎనిమిదిమందీ తలలూపారు.